జూట్ మిల్లు మూతపడింది, విజయనగరం పక్క పల్లెలో సొంతంగా ఏదైనా పెట్టుకోవడానికి ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

దొరుకుతుంది. మీకు బాగా పనికొచ్చేది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2008 నుంచి ఉంది. ఇది బ్యాంకు అప్పు మీద ఇచ్చే సబ్సిడీ. అప్పు మంజూరు చేసేది బ్యాంకే కాబట్టి ముందు మేనేజరుతో మాట్లాడండి.

లెక్క చూడండి. పల్లెలో పిండిమర, నూనె గానుగ కలిపి 8 లక్షలతో పెడుతున్నారనుకుందాం. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు సొంత వాటా 5 శాతం, అంటే 40 వేలు. మిగతాది బ్యాంకు ఇస్తుంది. సబ్సిడీ 35 శాతం, 2 లక్షల 80 వేలు. జనరల్ వాళ్లకు పల్లెలో 25 శాతమే, సొంత వాటా 10 శాతం. సబ్సిడీ డబ్బు చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే మీ పేరున ఉండి, యూనిట్ నడుస్తుంటే అప్పులో జమవుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి, ఆ డబ్బు ముందే వస్తుందని బయట వడ్డీకి తెస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

కొత్త యూనిట్‌కే ఇస్తారు, ఇంటికి ఒక్కరికే. తయారీ యూనిట్ 10 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. సబ్సిడీ ఇప్పిస్తానని కమీషన్ అడిగేవాళ్లను గుమ్మం ఎక్కనివ్వకండి.

పని రాకపోతే ముందు జిల్లాలోని ఆర్‌సెటీలో, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో చేరండి. బ్యాంకులు నడిపే ఈ కేంద్రంలో శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. వడ్రంగం, కుట్టుపని లాంటి చేతివృత్తి ఉంటే పీఎం విశ్వకర్మ పథకం గురించి కూడా అడగండి. ఈ పథకాలకు ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెబుతారు. ఆధార్, కుల ధ్రువపత్రం, మిషను కొటేషను పట్టుకెళ్లండి.