బొలీవియాలో రాస్తారోకో ఎదురైతే

తమ్ముడూ, వందనాలు.

సేవకు బొలీవియా వెళ్తున్నావని తెలిసి చాలా సంతోషం. భాష గురించి, చలి గురించి నీకు చాలామంది చెప్పే ఉంటారు, నేను రాస్తారోకో గురించే చెప్తాను. అక్కడ దాన్ని బ్లొకేయో అంటారు. కొన్నాళ్లు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. గంటలో తేలిపోతుందిలే అనుకోకు, 2024 అక్టోబరులో మొదలైంది మూడు వారాలు దాటింది. 2003లో గ్యాస్ ఎగుమతి వద్దని పక్కనే ఉన్న ఎల్ ఆల్టో నగరం జనం దారులు మూసేస్తే, ప్రభుత్వం కొలువుండే లా పాజ్‌కి సరుకులు ఆగిపోయాయి, చివరికి అధ్యక్షుడే రాజీనామా చేసి దేశం వదిలి వెళ్లాడు. ఆ జనం గోడు ప్రభుత్వం చెవిన పడాలంటే వాళ్ల చేతిలో ఉన్నది ఆ రోడ్డే.

మొదటిసారి ఒరూరో దారిలో ఇరుక్కున్నప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చేయకు. బస్సు దిగి, బైబిలు చేత్తో పట్టుకుని, వచ్చీరాని స్పానిష్‌లో "మేం దేవుని సేవకులం, మీటింగు ఉంది, వదలండి" అన్నాను. రాళ్ల వరుస వెనకాల ఓ పెద్దావిడ, నెత్తిన గుండ్రటి టోపీ, వీపున రంగుల దుప్పటి మూట. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంకో రాయి దొర్లించుకొచ్చి సరిగ్గా నా కాళ్ల ముందు పెట్టింది. అదే బస్సులో జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఒక తల్లి కూర్చుని ఉంది. ఆ బిడ్డ కోసం అడగాలని నాకు తోచలేదు, నా మీటింగు కోసం అడిగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, చాలా పల్లెల్లో యూనియన్ తీర్మానం చేస్తే ఇంటికొకరు వచ్చి కూర్చోవాలి, రాకపోతే జరిమానా. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్లలో ఇద్దరు మేం వెళ్తున్న చర్చి విశ్వాసులే! అందుకే వాళ్లను అల్లరి మూకలా చూడకు, తప్పొప్పులు తేల్చే పని పెట్టుకోకు, రాజకీయం అసలే ఎత్తకు. మాట్లాడేది డ్రైవరో అక్కడి పాస్టరు గారో కావాలి. ఫోన్ జేబులోంచి తీయకు, వీడియో తీసే విదేశీయుణ్ని ఎవరూ నమ్మరు. కరపత్రాలు సంచిలోనే ఉండనీ, ప్రార్థన లోలోపల చేసుకో.

బయల్దేరే ముందు అక్కడి జాతీయ రహదారుల సంస్థ మ్యాపులో ఏ దారి మూసి ఉందో చూసుకో, బస్టాండులో డ్రైవర్లను కూడా అడుగు. నీళ్లు, బిస్కెట్లు, మందులు, చిల్లర బొలీవియానోలు, మందపాటి స్వెట్టరు చేతి సంచిలోనే పెట్టుకో. లా పాజ్, ఒరూరో వైపు పీఠభూమి దాదాపు 4,000 మీటర్ల ఎత్తు, జూన్, జూలై రాత్రుల్లో చలి సున్నా కిందికి పోతుంది. ఒక్కోసారి నడిచి దాటనిస్తారు, అవతల ఇంకో బస్సు దొరుకుతుంది. పగలైతేనే, అదీ వాళ్లను అడిగాకే వెళ్లు. రాత్రిపూట అడ్డదారిలో తీసుకెళ్తానని ఎవరన్నా చెప్పినా ఎక్కకు. గని కార్మికుల నిరసనల్లో డైనమైట్ పేలుస్తుంటారు, ఆ శబ్దం గానీ టియర్ గ్యాస్ గానీ ఉంటే మీటింగు సంగతి మర్చిపోయి వెనక్కి తిరుగు.

ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకో, ఫోన్ చార్జింగు అయిపోతే టెన్షన్ పడతావు. లా పాజ్‌లో దిగగానే నాకొక మెసేజ్ పెట్టు.