పట్టీ కనబడగానే మాంగనీసు అనుకోవద్దు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పాలమూరు యూనివర్సిటీలో నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం జింక్ ఆక్సైడ్ నానో కణాల్లో మాంగనీసు కలిపి, ఆ పొడిని పరారుణ వర్ణపటంతో పరీక్షించబోతున్నానని రాశావు. చాలా సంతోషం. అయితే బిడ్డా, ఆ వర్ణపటంలో నీకు కనబడే పట్టీల్లో, అంటే పరారుణ కాంతిని పదార్థం పీల్చుకున్న చోట్లలో, ఎక్కువ భాగం నువ్వు కలిపిన మాంగనీసువి కావని, కణాల ఉపరితలాన్ని అంటిపెట్టుకున్న పదార్థాలవని మొదటే గుర్తుపెట్టుకో. కణం చిన్నదైనకొద్దీ దాని బరువుతో పోలిస్తే ఉపరితలం పెరుగుతుంది గనుక, కడగగా మిగిలిన నైట్రేటు 1384 దగ్గర (ఈ అంకెలన్నీ సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పేవి), ఎసిటేటు 1580, 1420ల దగ్గర, తేమ 3400, 1630ల దగ్గర స్పష్టంగా బయటపడతాయి.

నల్లగొండలో పనిచేసే రోజుల్లో ఒకసారి స్వేదన జలం అయిపోయి, చివరి కడుగు బోరు నీళ్లతో కానిచ్చాను. వర్ణపటంలో 1430, 875, 712ల దగ్గర కొత్త పట్టీలు వస్తే మాంగనీసు ప్రభావమేనని రెండు వారాలు నమ్మాను. పొడిని 500 డిగ్రీల దగ్గర కాల్చినా అవి పోలేదు. నైట్రేటో ఎసిటేటో అయితే పోవలసింది. చివరకు పొడి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయగానే నురగ వచ్చింది. అది మన కఠిన జలం వదిలిన కాల్షియం కార్బొనేటు. అందుకే ఎంత ఆలస్యమైనా స్వేదన జలం దొరికేదాకా ఆగు.

వర్ణపటం తీయడానికి పొడిని పొటాషియం బ్రోమైడుతో కలిపి అదిమి చేసే బిళ్ళకు, 200 మిల్లీగ్రాముల ఆ బ్రోమైడుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల పొడి చాలు. ఆ లవణం గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక వానాకాలంలో ముందుగా ఓవెన్‌లో ఆరబెట్టి, అగేట్ కల్వంలో మెత్తగా నూరి, పొడి కలపని బిళ్ళను కూడా ఒకటి తీసి దాని వర్ణపటం దగ్గర పెట్టుకో.

ఇక అసలు ప్రశ్న. జింక్–ఆక్సిజన్ బంధపు పట్టీ 400, 500ల మధ్య ఉంటుంది. పొటాషియం బ్రోమైడు దాదాపు 400 దాకానే కాంతిని పోనిస్తుంది గనుక నువ్వు చూడవలసింది సరిగ్గా ఆ అంచున పడుతుంది. మాంగనీసు చేరితే ఆ పట్టీ కొద్దిగా జరగవచ్చు. కానీ కణాల పరిమాణం, ఆకారం మారినా జరుగుతుంది. అందువల్ల మాంగనీసు లేని పొడిని కూడా అదే పద్ధతిలో, అదే రోజు తయారుచేసి పోల్చాలి. మాంగనీసు స్ఫటిక జాలకంలో చేరిందని చెప్పడానికి ఎక్స్-కిరణ వివర్తనం (స్ఫటికంలో పరమాణువుల అమరికను చూపే పరీక్ష), ఎలక్ట్రాన్ పారాఅయస్కాంత అనునాదం (జతలేని ఎలక్ట్రాన్లను పసిగట్టే పరీక్ష) సాక్ష్యం కావాలి. పరారుణ వర్ణపటం ఒక్కటే సరిపోదు.

మాంగనీసు లేనిది, ఉన్నది, ఉండి కాల్చినది, ఈ మూడు వర్ణపటాలనూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి అచ్చు వేయించి నాకు పంపించు.

ఇట్లు,
నీ మేనమామ,
నల్లగొండ