పాల కేంద్రం జాబితా రాస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

ఊళ్లో పాల కేంద్రం రైతుల జాబితాకు నువ్వే పైథాన్‌లో ప్రోగ్రాము రాస్తున్నావని అక్కయ్య నిన్న ఫోనులో చెప్పింది. గేదె ఈనినంత సంబరంగా చెప్పింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు రాయలేవని కాదు, ఆ జాబితాలో బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉంటాయంది, అందుకు.

ముందు తేలికైనవి. రైతు కోడ్ 7ను 007గా చూపాలంటే విలువను కోరిన రూపంలో చూపే ఎఫ్ స్ట్రింగ్‌లో కోలన్ తర్వాత 03డి (03d) అని రాయి. కోడ్ అప్పటికే స్ట్రింగ్ అయితే, అంటే సంఖ్యగా కాక అక్షరాల వరుసగా ఉంటే, ముందు సున్నాలు చేర్చే జెడ్‌ఫిల్‌కు 3 ఇవ్వు. సున్నాలు లేని స్ట్రింగులను వరుసలో పేరిస్తే 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చుంటుంది. 007 అని నేరుగా అంకెగా రాస్తే పైథాన్ 3 ఒప్పుకోదు. మంచిదే, పాత పైథాన్ 2 అయితే 010ను ఎనిమిదుల లెక్కలో చదివి 8 అనుకునేది. ఒకటి మాత్రం జాగ్రత్త: డి మరిచిపోయి స్ట్రింగ్‌కు ఉత్త 03 ఇచ్చావా, 3.10 వెర్షన్ నుంచి పైథాన్ నోరు మెదపకుండా సున్నాలను కుడివైపు చేర్చి 7ను 700 చేస్తుంది.

ఇక నా సంగతి. మీ అమ్మకు ఇందులో సగమే తెలుసు, నేను గొప్పలు చెప్పుకున్న సగం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పింఛన్ల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. ఖాతా నంబర్లు అంకెలే కదా అని అంకెలుగానే ఎక్కించాను. 11 అంకెల నంబర్లకు ముందున్న సున్నాలు రాలిపోయాయి. డబ్బు తిరిగొచ్చాక గాని తెలియలేదు. అప్పుడైనా కాగితాలు తీసి సరిచూస్తే సరిపోయేది. నా తెలివి చూడు: పొట్టిగా ఉన్న ప్రతి నంబరుకూ ముందు సున్నాలు తగిలించి 11 అంకెలు చేసేశాను. ఒక్క సాయంత్రంలో పని పూర్తి. కానీ వాటిలో కొన్ని సున్నా రాలి పొట్టివి కాలేదు. టైపు చేస్తూ మధ్యలో ఒక అంకె నేనే మింగేశాను. అంతవరకు తప్పు పొట్టిగా ఉండి కంటికి కనబడేది, నేను సున్నా పెట్టాక నిండుగా, ఒప్పులాగా తయారైంది. మళ్లీ డబ్బు తిరిగొస్తే, 11 అంకెలు ఉన్నాయి కదా, తప్పు బ్యాంకుదేనని వాదించాను కూడా.

మూడో నెల ఒక ముసలామె పాసుపుస్తకం కొంగున కట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. "బాబూ, నేను బతికే ఉన్నానని రాశారా?" అని అడిగింది. వేలు పెట్టి ఒక్కో అంకె సరిచూస్తుంటే నా చెయ్యి వణికింది.

అందుకే చెబుతున్నాను. కూడిక, తీసివేత లేని నంబరుకు ఇంట్, అదే పూర్ణ సంఖ్య రకం, ఎందుకు? చదివిన క్షణం నుంచి స్ట్రింగ్‌గానే ఉంచు. పట్టికలు చదివే పాండాస్ వాడితే ఫైలు తెరిచేటప్పుడే డీటైప్, అంటే డేటా రకం, స్ట్రింగ్ అని చెప్పు. ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయవద్దని కేంద్రం గుమస్తాకు కూడా చెప్పు, అదీ ముందు సున్నాలను రాల్చేస్తుంది. పొట్టిగా వచ్చిన ఖాతా నంబరుకు జెడ్‌ఫిల్ వేశావని తెలిస్తే ఊరుకోను, ఆ రైతు ఇంటికి వెళ్లి పాసుపుస్తకం చూసి రా. ఎండలో వెళ్లకు, సాయంత్రం పాలు పోయడానికి వాళ్లే వస్తారు కదా.

మొదటి బిల్లు వేసే ముందు ఫోను చెయ్యి. నువ్వు పాసుపుస్తకాల్లోవి చదువు, నేను నీ జాబితాలోవి చూస్తాను. భూతద్దం కొనుక్కున్నానులే.

మామయ్య