పెట్టె వద్దు తమ్ముడూ, లోపలి సరుకు తెచ్చుకో

గాజువాక నుంచి సింగపూర్‌కి చదువుకోవడానికి వస్తున్న ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, మూడేళ్ళ కిందట నాన్నగారు అప్పు చేసి కొనిచ్చిన డెస్క్‌టాప్ ఉంది. నా త్రీడీ పనంతా దాని మీదే. బడ్జెట్ విమానంలో లగేజీగా వేసేయొచ్చా?"

వేసుకోవచ్చు, నిషేధం ఏమీ లేదు. కానీ బల్ల మీద ఉన్నదాన్ని ఉన్నట్టే అట్టపెట్టెలో పెట్టి కౌంటర్లో ఇచ్చేయకు. నేను మొదటిసారి సింగపూర్ వచ్చినప్పుడు అదే చేశాను. అప్పుడు చెన్నై మీదుగా వచ్చాను. చుట్టూ రెండు దుప్పట్లు చుట్టి, నాలుగు వైపులా 'ఫ్రాజైల్' అని అంటించాం. ఇక్కడికొచ్చి తెరిస్తే క్యాబినెట్ మీద గీత కూడా లేదు. లోపల మాత్రం గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌ని చీల్చుకుని వేలాడుతోంది, ప్రాసెసర్ మీది పెద్ద కూలర్ ఊడిపోయి పడి ఉంది. దుప్పటి బయటి దెబ్బను ఆపుతుంది కానీ, పెట్టె ధబాలున పడినప్పుడు లోపల వచ్చే కుదుపును ఆపదు. కిలో పైన బరువున్న కార్డుకు ఒక ప్లాస్టిక్ స్లాటూ, వెనక స్క్రూలూ తప్ప ఆధారం ఉండదు, కుదుపంతా అక్కడే పడుతుంది. పైగా ఇల్లు వెతుక్కునే హడావుడిలో నేను పెట్టె విప్పింది తొమ్మిదో రోజున. అంతర్జాతీయ ప్రయాణంలో చెక్‌ఇన్ లగేజీ పాడైతే, చేతికి వచ్చిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నా గడువు దాటిపోయింది. మా నాన్న దానికెంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి బాగానే వచ్చిందని అబద్ధం చెప్పాను.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. మనం 'సీపీయూ' అని పిలిచే ఆ పెట్టెలో బరువంతా ఇనుముది, అద్దానిది. విలువంతా మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీలది. ఇవన్నీ కలిపినా మూడు నాలుగు కిలోలకు మించవు. బడ్జెట్ విమానాల్లో చేతి సంచికి 7 నుంచి 10 కిలోలు ఇస్తారు, సింగపూర్ బడ్జెట్ విమానం స్కూట్‌లో 10. కాబట్టి విలువైన సరుకంతా నీ చేతిలోనే రావచ్చు. క్యాబినెట్, మానిటర్, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) అక్కడే వదిలెయ్. బడ్జెట్ టికెట్‌లో చెక్‌ఇన్ బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, కౌంటర్ దగ్గర కడితే చాలా ఎక్కువవుతుంది. ఆ కిలోలు బట్టలకూ, అమ్మ పెట్టే ఆవకాయకూ, కందిపొడికీ ఉంచుకో. మొదటి రెండు నెలలు వాటి విలువ నీకే తెలుస్తుంది.

విప్పడం చేతకాకపోతే ద్వారకానగర్‌లో నీకు తెలిసిన షాపులో చేయించుకో, కానీ పక్కనే నిలబడి చూడు. ప్రతి వైరూ పీకే ముందు ఫోటో తీసుకో. కూలర్ తీసే ముందు సిస్టమ్‌ని ఓ పావుగంట నడిపి ఆపాలి, అప్పుడు ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసిన పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. ముఖ్యంగా ఏఎండీ కంపెనీ ఏఎమ్4 రకం ప్రాసెసరైతే, గట్టిగా లాగితే కూలర్‌కి అంటుకుని పిన్నులతో సహా ఊడి వచ్చేస్తుంది. బోర్డునూ కార్డునూ స్టాటిక్ కరెంటు తగలనివ్వని యాంటీ స్టాటిక్ కవర్లలో పెట్టి, ఒరిజినల్ అట్టపెట్టెలు ఉంటే వాటిలోనే సర్దు. స్క్రూలు చిన్న డబ్బాలో వేసుకో. స్క్రూడ్రైవర్ మాత్రం చెక్‌ఇన్‌లోకే, చేతి సంచిలో ఉంటే తీసేస్తారు. పవర్ బ్యాంక్ దీనికి పూర్తిగా ఉల్టా, చేతి సంచిలోనే ఉండాలి. పాత ఫైళ్ళన్నీ మరోచోట కాపీ పెట్టుకున్నాకే బయలుదేరు.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర ఇవి బయటకు తీయమంటారు. టెన్షన్ పడకు. డెస్క్‌టాప్ విడిభాగాలని చెప్పి ట్రేలో పెట్టు. అందుకే పెట్టెలకు టేపు చుట్టొద్దు, వాళ్ళు అడగ్గానే తెరవగలిగేలా ఉండాలి. బిల్లుల ఫోటోలు ఫోన్‌లో ఉంచుకో. చదువయ్యాక తిరిగి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే, బయలుదేరే రోజునే కస్టమ్స్ వాళ్ళ దగ్గర సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. అది లేకపోతే సుంకం అడగొచ్చు, ఎందుకంటే ఇండియాలో దిగేటప్పుడు ల్యాప్‌టాప్‌కి ఉన్న ప్రత్యేక సుంకం మినహాయింపు డెస్క్‌టాప్‌కి లేదు.

ఇక్కడ దిగాక, వాడిన సొంత వస్తువులకు పన్ను లేదు. కొత్త వస్తువుల సంగతి వేరు. టూరిస్టులకిచ్చే మినహాయింపు స్టూడెంట్ పాస్ ఉన్నవాళ్ళకు వర్తించదు, 2024 నుంచి జీఎస్టీ 9 శాతం. ప్రయాణానికి ముందు కొత్త కార్డు కొని సీలుతో తీసుకురావద్దు.

యూపీఎస్ తేనే తేవద్దు. లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, బరువు కూడా. ఇక్కడ కరెంటు పోవడం చాలా అరుదు. వోల్టేజీ మన దగ్గరలాగే 230, 50 హెర్ట్జ్. ప్లగ్గు మాత్రం వేరు, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది. మన గుండ్రటి పిన్నుల కేబుల్ పట్టదు, ఇక్కడి కేబుల్ ఒకటి కొంటే చాలు.

మానిటర్‌కి కారోసెల్ అనే యాప్‌లో చూడు. ఇల్లు మారేవాళ్ళు, దేశం వదిలి వెళ్ళేవాళ్ళు అమ్ముతుంటారు, చాలామంది ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్ దగ్గరకే తెచ్చి ఇస్తారు. క్యాబినెట్, ఎస్ఎంపీఎస్‌లకు రోచోర్‌లోని సిమ్ లిమ్ స్క్వేర్. లిటిల్ ఇండియాకి కూరగాయలకు వెళ్ళిన రోజే అటూ నడిచి వెళ్ళొచ్చు. రెండు మూడు షాపుల్లో ధర అడిగాకే డబ్బు కట్టు. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకు, నాన్నగారు కొనిచ్చిన కార్డు దాని మీదే ఆధారపడుతుంది.

ఒక్క మాట. గ్రాఫిక్స్ కార్డు లేని పాత మిషన్ అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, ఇంట్లో చదువుకునే పిల్లలకు ఇచ్చేసి ల్యాప్‌టాప్‌తో వచ్చెయ్యమనేదాన్ని. నీది అలాంటిది కాదు, నీ పనికి అది కావాలి. విప్పే రోజున బోర్డు సైజు ఏటీఎక్సా, దానికన్నా చిన్న మైక్రో ఏటీఎక్సా చూసి రాసిపెట్టుకో. ఇక్కడ క్యాబినెట్ కొనేటప్పుడు షాపువాళ్ళు ముందు అడిగేది అదే.