సెకన్ల ముల్లు లేని వాచీ

ప్రశ్న: మా తాతగారి చేతివాచీ ఒకటి బీరువాలో దొరికింది. డయలు మీద పియాజే అని ఉంది, చాలా పలుచగా ఉంది, కీ ఇస్తే నడుస్తోంది. సెకన్ల ముల్లు మాత్రం లేదు. జగదాంబ సెంటర్ దగ్గర ఒక వాచీ మెకానిక్‌కు చూపించగా, వెనకమూత తీసి లోపల 9పి అని ఉందన్నారు. ఆ ముల్లు ఊడిపోయిందా? ఈ వాచీని రోజూ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ముల్లు ఊడిపోలేదు. 9పి యంత్రానికి గంటల ముల్లు, నిమిషాల ముల్లు మాత్రమే ఉంటాయి. మీ వాచీని పక్కకు తిప్పి చూస్తే ఆ రెండు ముళ్లూ ఒకదానిపై ఒకటి, మధ్య వెంట్రుకంత ఖాళీతో తిరగడం కనిపిస్తుంది; మూడో ముల్లు పెట్టాలంటే దానికీ అంత ఖాళీ వదలాలి, అప్పుడు అద్దాన్నీ ఆ మేరకు పైకి లేపాలి. అందుకే పలుచని వాచీ చేయాలనుకున్నవారు మొదట వదులుకునేది సెకన్ల ముల్లునే.

స్విట్జర్లాండులోని ల కోత్ ఓ ఫే అనే కొండపల్లెలో 1874లో మొదలైన పియాజే సంస్థ ఈ 9పిని 1957లో విడుదల చేసింది. దీని మందం 2 మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదానిపై ఒకటి పెట్టినదానికంటే తక్కువ. ఇంతకంటే పలుచని యంత్రాలు అప్పటికే లేకపోలేదు. పారిస్‌కు చెందిన ఎడ్మండ్ జేగర్ విసిరిన సవాలును స్వీకరించిన లెకూల్త్ర్ కార్ఖానా 1907లోనే 1.38 మిల్లీమీటర్ల జేబుగడియారపు యంత్రాన్ని తయారుచేసింది. చేతికి పెట్టుకునే వాచీలో 9పి తెచ్చిన సౌలభ్యం వేరు: యంత్రం తక్కువ చోటు తీసుకోవడంతో 1960ల్లో రేకు డయలుకు బదులు లాపిస్ లాజులి, మాలకైట్ వంటి రాళ్లను పలుచగా కోసి పెట్టగలిగారు. ఆ నీలాలూ ఆకుపచ్చలూ చూసినవారికి పలుచదనం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

కీ అక్కరలేని వాచీలో చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే చేయి కదిలినప్పుడు తిరిగి స్ప్రింగును చుట్టే రోటరు సాధారణంగా యంత్రం నెత్తిన కూర్చుంటుంది. పియాజే 1960లో తెచ్చిన, కీ అక్కరలేని 12పి యంత్రంలో రోటరును చిన్నది చేసి చక్రాల వరుసలోనే దించారు. చిన్నదైతే బరువు చాలదు కనుక, ఉక్కుకు రెట్టింపు పైగా బరువుండే బంగారంతో చేశారు. అలా ఆ యంత్రం 2.3 మిల్లీమీటర్లకు దిగింది.

పలుచదనానికి హద్దు కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. 1976లో జాన్ లసాల్ పేరుతో వచ్చిన 1.2 మిల్లీమీటర్ల యంత్రంలో, చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకలను తీసేసి, ఒక్కొక్క చక్రాన్ని చిన్న బాల్ బేరింగుల మీద ఒకవైపే నిలబెట్టారు. ఆలోచన అద్భుతమే కాని, రిపేరు చేయడం చాలా కష్టమైంది. పియాజే 2018లో చూపించిన నమూనాలో వాచీ మొత్తం మందమే 2 మిల్లీమీటర్లు; అందులో వెనకమూతే యంత్రానికి అడుగుపలక, బంగారమైతే వంగిపోతుందని కేసును కోబాల్టు మిశ్రలోహంతో చేశారు. ఈ లెక్కన మీ తాతగారి వాచీ నిబ్బరమైనది, ఎందుకంటే అందులో పలకలు, మూత, అద్దం ఎవరి పని వారు చేస్తున్నాయి.

ఇక రోజూ పెట్టుకోవడం గురించి. మన ఊరి ఉప్పుగాలిలో, ఉక్కపోతలో అరవయ్యేళ్ల నాటి వాచీని దినమంతా చెమటలో ఉంచవద్దని నా సలహా. పండుగలకు, పెళ్లిళ్లకు పెట్టుకోండి, బీచ్ రోడ్డుకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉంచండి. తీసిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో తుడవండి, అద్దం మీద వేలితో నొక్కకండి. లోపలి ఖాళీలు అతిస్వల్పం కనుక అద్దం కాస్త వంగినా ముల్లుకు తగులుతుంది. నడుస్తోంది కదా అని వదిలేయకుండా, ఎండిపోయిన పాత నూనెను పలుచని యంత్రాలు విప్పిన అనుభవం ఉన్నవారి చేత తీయించి, కొత్త నూనె వేయించండి. అది అయ్యేవరకు కీ ఇవ్వకండి.