క్లయింట్‌కి కోపమొస్తే కప్పుకేమైంది?

ప్రశ్న: ఈమధ్యే మడికొండలో ఒక ఐటీ కంపెనీలో చేరాను. మొన్న మీటింగ్‌లో మా మేనేజర్ 'క్లయింట్ హిట్ ది రూఫ్' అంటే, పాపం ఆయనకు దెబ్బ తగిలిందనుకుని అయ్యో అన్నాను, అందరూ ఒకటే నవ్వు. ఇంటి భాగాలతో ఇంగ్లిష్‌లో ఇలాంటివి ఇంకేం ఉన్నాయి, ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: దెబ్బేం తగల్లేదు, ఆయనకు కోపం నషాళానికి అంటింది, అంతే. రూఫ్ అనగానే కప్పు అని అర్థం వెతక్కండి, దాని పక్కనున్న మాట చూడండి. 'హిట్' ఉంటే కోపం. 'గో త్రూ ది రూఫ్' ఎక్కువగా ధరలకు వాడతారు, అంటే ఎనుమాముల మార్కెట్లో మిర్చి రేటు అమాంతం ఎగబాకిందనుకోండి, అట్లా (రైతుకు అంత అదృష్టం ఎప్పుడోగానీ పట్టదు, అది వేరే కథ). 'రేజ్ ది రూఫ్' అయితే చప్పట్లు, ఈలలతో హోరెత్తించడం. 'బ్రింగ్ ది హౌస్ డౌన్' కూడా దగ్గరదగ్గర అదే, కాకపోతే అక్కడ హౌస్ అంటే ఇల్లు కాదు, నాటకశాలలో కూర్చున్న జనం. మన సినిమా హాళ్ల ముందు పెట్టే హౌస్‌ఫుల్ బోర్డులో ఉన్నదీ ఆ హౌసే.

కొన్ని మనకూ ఉన్నవే. గోడలకు చెవులు వాళ్లకూ ఉన్నాయి, బ్యాక్‌డోర్ ఎంట్రీ మన దొడ్డిదారే. 'సిట్ ఆన్ ది ఫెన్స్' దగ్గర మాత్రం జాగ్రత్త. గోడ మీద పిల్లి అని రాసేస్తుంటారు గానీ, మన పిల్లి ఎటు లాభముంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది, వాళ్ల మనిషి ఏ పక్షమూ చెప్పకుండా ఊరికే కూర్చుంటాడు. ఆ రెండూ ఒకటని నేనైతే ఒప్పుకోను.

'రైటింగ్ ఆన్ ది వాల్' బైబిల్ నుంచి వచ్చింది. దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలో బెల్షస్సరు రాజు విందులో ఉండగా ఒక చేయి కనిపించి గోడ మీద రాస్తుంది, ఆ రాత్రే రాజు హతమవుతాడు. అందుకే రాబోయే కీడు ముందే కళ్లకు కనబడుతున్నప్పుడు ఆ మాట వాడతారు. 'గ్లాస్ సీలింగ్' కొత్తది. ఆడవాళ్లను ఒక మెట్టు దాటి పైకి పోనీయని, పైకి కనబడని అడ్డంకి అది. 1986లో వాల్ స్ట్రీట్ జర్నల్ కథనంతో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఆఫీసులో ఉన్నారు కదా, ఇది మీకు తప్పకుండా వినిపిస్తుంది.

ఒక్కటి, 'డ్రైవింగ్ మీ అప్ ది వాల్' (విసిగించి పిచ్చెక్కిస్తున్నారు) లాంటివి తోటివాళ్లతో సరదాగా అనుకోండి, క్లయింట్‌కి మెయిల్‌లో మాత్రం రాయకండి.

ప్రశ్న: హోటల్లో 'ఆన్ ది హౌస్' అంటే? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: దానికి డబ్బులు కట్టక్కర్లేదు, ఓనరే భరిస్తాడు. చాయ్ ఒక్కటేనా, సమోసా కూడానా అన్నది తినకముందే అడగండి.