భిన్నాల దగ్గర ఆగిపోయిన చదువు

పొదిలి దగ్గరి పల్లెలో పొగాకు సాగు చేసే ఒక తండ్రి రాసిన ఉత్తరానికి ఇది సమాధానం. ఆయన కుమారుడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాడు. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో 100కు 19 మార్కులు వచ్చాయి. "చదవకపోతే బ్యారన్ (పొగాకు ఆకును మంట వేడితో ఆరబెట్టే గది) దగ్గర కూర్చోబెడతా" అని తండ్రి కోప్పడితే, "సరే, నేనెందుకూ పనికిరానుగా" అని పుస్తకం మూసేశాడట. వాడికి చదువు మీద మనసు ఎలా కలిగించాలి, బడిలో ఏం మాట్లాడాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

అయ్యా, మీరు పంపిన జవాబు పత్రాన్ని ఆసాంతం చూశాను. మీ అబ్బాయి సోమరి కాడు. వర్గ సమీకరణాన్ని సరైన పద్ధతిలోనే మొదలుపెట్టి, మధ్యలో 1/2కు 1/3 కలిపి 2/5 అని రాశాడు. మరో రెండు లెక్కల్లోనూ ఇలాగే లవానికి లవాన్ని, హారానికి హారాన్ని కూడేశాడు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గదు కదా అని వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చూపినవారు లేరు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడేనాటికి వాడు నాలుగో తరగతిలో ఉన్నాడు. భిన్నాలు చేతికి అలవాటు కావలసిన కాలం అలా జారిపోయింది. ఆ లోటు మీద పదో తరగతి పాఠం ఎన్నిసార్లు చెప్పినా నిలవదు, నిలవకపోవడాన్ని మనం బద్ధకం అంటున్నాం. అందువల్ల ముందుగా ఆరు, ఏడు తరగతుల లెక్కల పుస్తకాలు తెప్పించి, రోజుకు అరగంట భిన్నాలు మాత్రమే చేయించండి.

బ్యారన్ పేరుతో బెదిరించడం దయచేసి మానండి. మీ ఇంటికి అన్నం పెట్టే పనిని శిక్షగా చూపితే, వాడి దృష్టిలో ఆ పనీ చిన్నదవుతుంది, మీరూ చిన్నవారవుతారు. పైగా బ్యారన్‌లో వేడి చూసి మంట ఎప్పుడు పెంచాలో వాడే చెబుతాడని మీరే రాశారు. ఆకు పసుపు తిరిగేటప్పుడు ఉండే 95 ఫారన్‌హీట్ నుంచి ఈనె ఎండేటప్పటి 160 దాకా ఆ వేడిని గమనించగలవాడికి బుర్ర లేదని ఎలా అంటాం? ఆ 95ను సెల్సియస్‌లోకి మార్చమనండి: 32 తీసివేస్తే 63, దాన్ని 5/9తో గుణిస్తే 35. వాడు భయపడే భిన్నం వాడికి తెలిసిన పనిలోనే ఉంది. ఆ లెక్క మీకు వివరించి చెప్పమని అడగండి, మధ్యలో తప్పు దిద్దకుండా పూర్తిగా వినండి. అయితే పరీక్షలు ముగిసేదాకా రాత్రి కాపలా మాత్రం వాడికి అప్పగించవద్దు. నిద్ర చాలని పిల్లవాడికి తరగతిలో ఏ పాఠమూ ఎక్కదు.

మిగతా సబ్జెక్టులకు, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు మీకు బాగా పనికివస్తాయి. ముందు తెలుగు పుట చదివించి, అర్థమైన తర్వాత ఇంగ్లీషు పుటకు పంపండి.

లెక్కల మాస్టారిని తరగతి అయ్యాక, అబ్బాయి ఎదుట కాకుండా కలవండి. ఆ 2/5 ఉన్న పేజీ చూపించి, మార్కులు అందరిలో చదవవద్దని, వాడికి తప్పక వచ్చిన చిన్న ప్రశ్న ఒకటి వారంలో రెండు మూడుసార్లు అడగమని, భిన్నాల నోటుపుస్తకాన్ని అప్పుడప్పుడు చూడమని కోరండి. అరవై మంది పిల్లలున్న తరగతిలో కూడా ఇది సాధ్యమే. నలుగురిలో ఒక్కసారి సరైన జవాబు చెప్పిన పిల్లవాడు మరునాడు ముందు బెంచీ వైపు జరగడం నేను చూశాను.

మార్చికి 80 మార్కుల లక్ష్యం పెట్టకండి. ఉత్తీర్ణతకు 35 కావాలి, ఇప్పుడు అదే చాలు. ఒకవేళ తప్పినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి అదే ఏడాది ఇంటర్‌లోనో ఐటీఐలోనో చేరవచ్చన్న సంగతి వాడికి పరీక్షలకు ముందే మీ నోటితో చెప్పండి.

"పనికిరాను" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వాడు తిండి తగ్గించినా, స్నేహితులను తప్పించుకు తిరుగుతున్నా, చావు మాట ఎత్తినా, ఒంటరిగా వదలకుండా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఆ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.